వద్దనగలిగే చెయ్యి

వేలూరు దాటి పళ్లికొండ టోల్‌గేటు వైపు వెళ్తుంటే రోడ్డు అంచున నల్లటి రబ్బరు తొక్కలు పడి ఉంటాయి. బస్సు కిటికీలోంచి చూసినవాళ్లు ఒకే తీర్పు చెబుతారు: "బటన్ టైరు, ఊడిపోయింది." లారీల నడుమ పెరిగినవాణ్ణి కాబట్టి ఆ తీర్పు నాకు గుచ్చుకుంటుంది. అరిగిన టైరుకు కొత్త రబ్బరు వేసి మళ్లీ రోడ్డెక్కించే రీబటనింగ్ పనిని నమ్ముకుని బతికేవాళ్లు మన ఆర్కాడు సీమలో చాలామంది ఉన్నారు. వాళ్ల పనితనాన్ని తేల్చాలంటే ముందు ఆ తొక్కను తిరగేసి చూడాలి.

కొత్త రబ్బరు అతుకు దగ్గరే విడిపోయి ఉంటే తొక్క అడుగున ఉత్త రబ్బరే కనిపించాలి. ఉక్కు తీగలు బయటికి పొడుచుకొని ఉన్నాయంటే అతుకు నిలిచింది, బరువు మోసే లోపలి పొరలు విడిపోయాయి. ఆ పొరల కట్టడాన్నే కేసింగు అంటారు. అది కొత్త టైరులోనూ విడిపోవచ్చు. అమెరికా రహదారి భద్రతా సంస్థ కోసం మిషిగన్ విశ్వవిద్యాలయం రోడ్ల మీది లారీ టైరు ముక్కలను ఏరి పరీక్షించి 2008లో నివేదిక ఇచ్చింది. రోడ్డు మీద తగిలే దెబ్బలు, గాలి తక్కువై పుట్టే వేడి ప్రధాన కారణాలుగా తేలాయి. ఆ ముక్కల్లో బటన్ టైర్ల వాటా, రోడ్ల మీద తిరిగే టైర్లలో వాటికున్న వాటాకు దగ్గరగానే ఉంది.

ఈ పని మన సీమలో ఎందుకు నిలిచిందో తెలియాలంటే సరుకు దారులు చూడాలి. 1911లో చిత్తూరు జిల్లా విడిపోయేదాకా ఉత్తర ఆర్కాడుకు చిత్తూరే ముఖ్యపట్టణం. జిల్లా విడిపోయింది గానీ సరుకు దారులు విడిపోలేదు. పలమనేరు, వి.కోట టమాటాలు కోయంబేడు మార్కెట్టుకు, చిత్తూరు మామిడి గుజ్జు చెన్నై రేవుకు, ఆంబూరు, రాణిపేట తోలు, గుడియాత్తం లుంగీలు, అగ్గిపెట్టెలు నానా ఊళ్లకు పోతుంటాయి. ఈ దారుల్లో ఒకటి రెండు లారీలతో నెట్టుకొచ్చే చిన్న యజమానులు ఎందరో. లారీ వాయిదా, డీజిలు, డ్రైవరు బత్తా పోగా మిగిలేదాంట్లో అన్ని చక్రాలకూ కొత్త టైర్లు వేయించడం వాళ్ల తరం కాదు. బటన్ వేయిస్తే సాధారణంగా కొత్త టైరు ధరలో సగం కూడా కాదు.

ఇదేదో పేదవాడి సర్దుబాటని అనుకోకండి. అరక్కోణంలో పెద్ద ఫ్యాక్టరీ ఉన్న ఎం.ఆర్.ఎఫ్. 1946లో తిరువొత్తియూరులో బొమ్మ బెలూన్లతో మొదలైంది. 1952లో ట్రెడ్ రబ్బరు, అంటే అరిగిన టైర్ల మీద వేసే రబ్బరు, చేయడానికి దిగింది. అది సొంతంగా టైర్లు చేయడం 1960ల మాట. మనం ఎక్కే విమానాల టైర్లకూ ఎన్నోసార్లు ఇలాగే కొత్త రబ్బరు వేస్తారు.

రీబటనింగ్ షాపులో కొత్తవాళ్ల చూపు టైర్లను ఉడికించే ఛాంబరు మీద ఉంటుంది. నేను నిలబడి చూసేది మొదటి మెట్టు, పరీక్ష. కడిగి ఆరబెట్టిన టైరును స్ప్రెడర్ మీద ఎక్కించి, రెండు అంచులనూ పక్కలకు లాగి, లోపలికి బల్బు వెలుగు పెడతారు. చెయ్యి తిరిగిన పనివాడు అరచేతిని లోపలి గోడ మీద నెమ్మదిగా జరుపుకుంటూ పోతాడు. ఉబ్బో ముడతో తగిలితే అక్కడ సుద్దతో గుర్తు పెడతాడు. గాలి లేకుండా నడిచిన టైరుకు పక్కగోడ లోపల చుట్టూ నలిగిన జాడ ఉంటుంది, రబ్బరు పొడి రాలి ఉంటుంది. మేకు దిగిన చోట తీగకు తుప్పు పాకిందా, రిమ్ము పట్టే కట్ట దగ్గర తీగ తెగిందా అని వెతుకుతాడు. అనుమానం వస్తే తట్టి వింటాడు. పొరలు విడిన చోట చప్పుడు బోలుగా పలుకుతుంది.

ఇక్కడ నెగ్గిన టైరుకే తర్వాతి పనులు. బఫింగ్ యంత్రం మీద పాత రబ్బరును గీకి, ఒళ్లంతా సమానంగా గరుకు చేస్తారు. దెబ్బ తగిలిన చోట చెడుగంతా పోయేదాకా తొలిచి నింపుతారు. గీకిన ఒంటికి దుమ్ము, చెమ్మ, చేతి జిడ్డు అంటకముందే సొల్యూషన్ కొట్టాలి. పైన పలచటి కుషన్ గమ్ము, దాని మీద ముందే ఉడికించిన ట్రెడ్ పట్టీ. పైన ఎన్వలప్ అనే రబ్బరు తొడుగు వేసి ఛాంబరులో 100 డిగ్రీల పైచిలుకు వేడిలో, ఒత్తిడి కింద గంటల తరబడి ఉంచితే ఆ గమ్ము ఉడికి పాత రబ్బరునూ కొత్త రబ్బరునూ ఒకటి చేస్తుంది.

ఇంత పనీ చెడ్డ కేసింగు మీద చేస్తే డబ్బూ దండగే, ప్రాణానికీ ముప్పే. అందుకే ఈ పనిలో నేను చూసే గీటురాయి ఒక్కటే: ఆ షాపు ఎన్ని టైర్లను వెనక్కి పంపుతుంది? గుడియాత్తంలో నాకు తెలిసిన ఒక పెద్దాయన దగ్గర ఓ లారీ యజమాని బతిమాలడం విన్నాను. "ఇంకొక్క బటన్ వేసేయన్నా, మామిడి సీజను గడిస్తే చాలు." ఆయన సుద్ద గుర్తు చూపించి, "సీజను నీదప్పా, ప్రాణం డ్రైవరుది. ఇది వద్దు" అన్నాడు. ఆ బేరం ఇంకో షాపుకు పోయి ఉండొచ్చు. కానీ ఆ ఒక్క మాటలోనే మొత్తం పనితనం ఉంది. యంత్రాన్ని ఎవరైనా కొనుక్కోవచ్చు, చేతికొచ్చే బేరాన్ని వదులుకునే నిబ్బరాన్ని కొనలేరు.

షాపు దాటాక టైరు ప్రాణం గాలిలో ఉంటుంది. జంట చక్రాల్లో లోపలి టైరుకు గాలి తగ్గితే బయటికి తెలియదు. బరువు పక్క టైరు మీద పడుతుంది. గాలి తగ్గినది నలిగి నలిగి వేడెక్కుతుంది. కత్తిరి ఎండల్లో వేలూరు రోడ్డు సంగతి చెప్పనక్కర్లేదు. మొగిలి కనుమ దిగే లారీకి బ్రేకుల వేడి కూడా రిమ్ము గుండా టైరు కట్టకు చేరుతుంది. కాబట్టి బండి కదలకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే గేజి పెట్టి చూడాలి, ఇనప కడ్డీతో కొట్టి సరిపెట్టుకోకూడదు. జంట మధ్య ఇరుక్కున్న రాయిని తీసేయాలి. ముందు చక్రాలకు కొత్తవి, వెనక బటన్‌వి అన్న మన లారీవాళ్ల అలవాటు మంచిదే. అమెరికా చట్టం కూడా బస్సుల ముందు చక్రాలకు బటన్ టైర్లను ఒప్పుకోదు. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదని మన మోటారు వాహన నియమాలు చెబుతున్నాయి. కానీ అంతదాకా అరగదీస్తే రాళ్లు కేసింగును తినేస్తాయి. కొంచెం ముందే దించితే టైరుకు ఇంకో జన్మ ఉంటుంది.

లాభం యజమానిది మాత్రమే కాదు. కొత్త లారీ టైరు ఒకటి చేయడానికి సుమారు 83 లీటర్ల చమురు, బటన్ వేయడానికి దాదాపు 26 లీటర్లు ఖర్చవుతాయని లెక్క. బటన్ వేసిన ప్రతి టైరూ ఇటుక బట్టీలో కాలి ఊరి మీద పొగ కమ్మకుండా ఇంకొంత కాలం ఆగుతుంది.

ఇంత మేలు చేసే పనికి ఇప్పుడు పోటీ పెరిగింది. 2019 జనవరి నుంచి బటన్ టైరుకు జీఎస్టీ 18 శాతం, కొత్త టైరుకు 28 శాతం ఉండేవి. 2025 సెప్టెంబరులో కొత్త టైరుకూ 18 శాతానికి తగ్గించారు. కొత్త టైరు చవకైతే నాకూ సంతోషమే. కానీ నిన్నటిదాకా ఉన్న కాస్త ఊరటా పోయినప్పుడు, పోటీకి తట్టుకోలేక షాపులు మొదట తగ్గించేది పరీక్షనేమోనని నా భయం. బటన్ టైర్లకు మళ్లీ పన్ను తగ్గించాలి. నాణ్యతా ప్రమాణాలు పాటించే షాపులకు ప్రభుత్వ బస్సుల పనిలో మొదటి చోటివ్వాలి.

లారీ యజమానులను అడిగేది ఒక్కటే. మీ టైరును వద్దని తిప్పి పంపిన షాపు మీద కోపం తెచ్చుకోకండి. మంచి కేసింగు దొరికినప్పుడు దాన్ని ఆ షాపుకే తీసుకెళ్లండి. పరీక్షకు రుసుము అడిగితే బేరమాడకుండా ఇవ్వండి. వద్దన్నవాడికీ కూలి గిట్టుబాటయ్యే చోటే బటన్ టైరు భద్రంగా ఉంటుంది.