చక్రం పట్టిన చోట పరీక్ష

వరికోత యంత్రంలో చక్రాన్ని మోసే బ్రాకెట్టును రైతు అది విరిగినప్పుడే చూస్తాడు. పేటెంట్ ఎగ్జామినర్ ముందే చూస్తారు. తెలుగు రాష్ట్రాల దరఖాస్తులు చేరేది చెన్నై గిండీలోని కార్యాలయానికి. ఎగ్జామినర్ దేశదేశాల పాత పత్రాలు వెతకాలి; కొత్తదనుకున్న అమరిక ఏ పాత జర్మన్ డ్రాయింగులోనో దొరకొచ్చు.

అసలు నేర్పు ఆ తర్వాతే. దేని పని అది చేసుకునే పాత భాగాలను అటూఇటూ మార్చి పేర్చితే 1970 పేటెంట్ల చట్టం, సెక్షన్ 3(ఎఫ్) ఒప్పుకోదు. మరి చక్రాన్ని పైకీ కిందకీ జరిపే ఏర్పాటు కోత ఎత్తును మారుస్తూ, బురదలో బరువునూ సర్దుతుంటే? ఆ పొత్తు నిజమా, కాగితం మీది గొప్పా అన్నది తేల్చాలి. విసుగు పుట్టించే పని అంటారు గానీ, నా లెక్కలో ఇది మంచి మెకానిక్‌కు ఉండే చెవి. ఎగ్జామినర్ నివేదిక ఇస్తారు, నిర్ణయం పేటెంట్ల కంట్రోలర్‌ది. మంజూరైన హక్కుకు గడువు దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు.