బోర్డు కనిపించని ఫొటోలో ఊరు పట్టుకోవడం

గోదావరి మీద రైలు వెళ్తున్న పాత ఫొటో కోస్తా జిల్లాల్లో ఎన్నో ఇళ్ల ఆల్బముల్లో ఉంటుంది. వెనకాల తేదీ ఉండదు, ఏ రైలో ఎవరికీ గుర్తుండదు. అలాంటిది రైళ్లంటే పడిచచ్చే రైల్‌ఫ్యాన్ల చేతికిస్తే వాళ్లు ముందు రైలును వదిలేసి వంతెనను చూస్తారు. రాజమండ్రి, కొవ్వూరుల మధ్య నది మీద రైలు కోసం కట్టిన వంతెనలు మూడు. 1900లో మొదలైన హేవ్‌లాక్ వంతెన మీద 1997లో రైళ్లు ఆపేశారు. 1974 నాటి రోడ్డు-రైలు వంతెనలో రైలు ఉక్కు చట్రం లోపల్నుంచి పోతుంటే నెత్తిన బస్సులూ లారీలూ వెళ్తుంటాయి. కాంక్రీటు కమానుల వంతెన 1997లో వాడుకలోకి వచ్చింది. కమానుల నడుమ రైలు ఉంటే ఆ ఫొటో 1997కు ముందుది కాదు. రాతి స్తంభాల పాత వంతెన మీద ఉంటే ఆ ఏడు దాటినది కాదు. వెనకాల కమానులు సగం కట్టి ఉన్నాయా, ఇంకా మంచిది, 90ల్లో ఆ కొద్ది ఏళ్లే మిగిలాయి.

ఆ తర్వాతే రైలు. బోగీలు ముదురు ఎరుపు రంగులో ఉంటే చాలావరకు 90ల చివరికి ముందువి. ఎయిర్ బ్రేకుల బోగీలతో పాటు నీలం రంగు వ్యాపించింది. అయినా పాసింజర్ బళ్లలో పాత ఎరుపు ఇంకొన్నేళ్లు తిరుగుతూనే ఉంది కాబట్టి రంగు ఒక్కదాన్ని నమ్మి తీర్పు చెప్పరు. ముదురు ఎరుపు బోగీలు కమానుల వంతెన మీద కనిపిస్తే మాత్రం పండగే. ఒకవైపు వంతెన, ఇంకోవైపు రంగు కలిసి కాలాన్ని చిన్న సందులోకి నెట్టేస్తాయి. అదే కమానుల కింద మామూలు రైలును ఆవిరి ఇంజను లాగుతున్నట్టుంటే ఎవరో కంప్యూటర్లో అతికించారన్నమాట. బ్రాడ్‌గేజి మీద ఆవిరి ఇంజన్ల రోజువారీ నడక 1995తోనే ముగిసింది.

ఈ విద్యకు ప్రాణం "కాదు" అనే మాటే. ఊరి పేరు ఠకీమని చెప్పేవాళ్లు ప్రతిచోటా దొరుకుతారు. మంచి రైల్‌ఫ్యాన్ మాత్రం అది ఏ ఊరు కాదో, ఏ ఏడు కాదో ఒక్కొక్కటిగా కొట్టేసుకుంటూ వస్తాడు. మిగిలినదాన్ని కూడా "కావచ్చు" అనే అంటాడు. నాకు ఆ "కావచ్చు" మీదే గౌరవం.

స్టేషన్ పేరు పసుపు బోర్డు మీద ఉంటుంది కదా, ఇంత తంటా ఎందుకని అడగొచ్చు. ఆ బోర్డులు ప్లాట్‌ఫారం కొసల్లో ఉంటాయి, ఫొటో ఏమో మధ్యలో తీస్తారు. పైగా స్టేషన్లలో, వంతెనల దగ్గర అనుమతి లేకుండా కెమెరా తీస్తే పోలీసులు పట్టుకునే రోజులు చాలాకాలం నడిచాయి. అందుకే పాత ఫొటోల్లో సగం కదిలే రైలు తలుపు దగ్గర నిలబడి హడావిడిగా తీసినవే. బోర్డు ముక్క ఒక్కటి దొరికినా కథ నడుస్తుంది. పైవరసలో ప్రాంతీయ భాష, దాని కింద హిందీ, ఆ తర్వాత ఇంగ్లీషు. హౌరా వైపు వెళ్తుంటే ఇచ్ఛాపురం దాటాక పైవరసలో ఒడియా వస్తుంది. తెలంగాణలో చాలా బోర్డుల మీద ఉర్దూ కూడా ఉంటుంది. కింద సముద్రమట్టం నుంచి ఎత్తు మీటర్లలో రాస్తారు. పేరంతా కత్తిరించుకుపోయి ఆ అంకె మిగిలినా చాలు, కోస్తానో దక్కన్ పీఠభూమో తేలిపోతుంది. 996 అని కనిపిస్తే వెతుకులాటే అక్కర్లేదు. కొత్తవలస–కిరండూల్ దారిలోని సిమిలిగూడ అది, ఒకప్పుడు దేశంలో అన్నిటికన్నా ఎత్తైన బ్రాడ్‌గేజి స్టేషన్.

బోర్డు ముక్క కూడా లేకపోతే కరెంటు తీగల స్తంభాల దగ్గరికి పోతారు. ప్రతి స్తంభానికీ ఒక పలక ఉంటుంది, పైన కిలోమీటరు, కింద ఆ కిలోమీటరులో ఎన్నో స్తంభమో. ఫొటోను పెద్దది చేసి ఆ రెండంకెలూ చదవగలిగితే, సిబ్బంది వాడే వర్కింగ్ టైమ్‌టేబుల్‌లోని స్టేషన్ల దూరాలతో పోల్చి ఏ రెండు ఊళ్ల మధ్యో చెప్పేస్తారు. కాకపోతే ఒకే కిలోమీటరు సంఖ్య దేశంలో పది లైన్లలో ఉంటుంది. ఏ లైనో తేల్చడానికి నేల రంగు, తాటిచెట్లు, దూరపు కొండ వరస కావాలి.

ఇంజను మీది అక్షరాల గురించి అందరికీ కొంత తెలుసు. డబ్ల్యూ అంటే బ్రాడ్‌గేజి, వై అంటే మీటర్‌గేజి. రెండో అక్షరం డి అయితే డీజిల్, ఏ అయితే ఏసీ కరెంటు. మూడోది పి అయితే ప్రయాణికుల బండి, జి అయితే గూడ్సు, ఎం అయితే రెంటికీ. అంకె కూడా మాట్లాడుతుంది. 22 వేల వరసలో ఉంటే చాలావరకు డబ్ల్యూఏపీ-4, 302తో మొదలైతే డబ్ల్యూఏపీ-7 అని చూడగానే చెప్తారు. షెడ్ పేరు ఇంజను పక్కనే రాసి ఉంటుంది. లాలాగూడ, విజయవాడ, గుత్తి, కాజీపేట, మౌలాలి ఇలా. కొత్తవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. షెడ్ పేరు ఇంజను సొంతూరు మాత్రమే చెప్తుంది, లాలాగూడ ఇంజను తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌ను లాక్కుంటూ ఢిల్లీ దాకా పోతుంది. దీనికి ఎదురు ఉదాహరణ డబ్ల్యూఏజీ-6. 80ల చివర్లో స్వీడన్, జపాన్‌ల నుంచి వచ్చిన 18 ఇంజన్లవి, విశాఖ షెడ్‌లోనే ఉండేవి. అది ఫొటోలో ఉంటే కిరండూల్ ఇనుప ఖనిజం దారి చుట్టుపక్కలే వెతకాలి.

పాత ఐసీఎఫ్ బోగీల మీది ఐదంకెల సంఖ్య నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఆధారం. మొదటి రెండంకెలు తయారైన సంవత్సరం, చివరి మూడు బోగీ రకం. 97234 అంటే 1997లో చేసిన స్లీపర్. ఆ ఒక్క అంకె చదవగలిగితే ఫొటో అంతకు ముందుది కాదని ఖాయం. గమ్యం పలక మీది రైలు నంబరు నాలుగంకెలైతే 2010 డిసెంబరుకు ముందుది, ఐదైతే తర్వాతది. గోదావరి ఎక్స్‌ప్రెస్ 2727గా ఉండి 12727 అయింది అప్పుడే. హైదరాబాద్–ఢిల్లీ బండి పలక మీద ఏపీ ఎక్స్‌ప్రెస్ అని ఉంటే 2015లో పేరు మార్చకముందుది. అయితే ఒకే బోగీల వరసను రెండు మూడు రైళ్లకు వాడతారు, పలక తిప్పడం మర్చిపోతారు కూడా. పలక చెప్పేది ఇంజను, వెలుతురు ఒప్పుకుంటేనే నమ్మాలి. తెల్లవారుజామున ఆ ఊరు దాటాల్సిన బండికి పడమటి ఎండ పడుతుంటే ఎక్కడో తేడా ఉంది.

బోగీల వరస కూడా చూస్తారు. హౌరా–చెన్నై దారిలో చాలా రైళ్లకు విశాఖలో ఇంజను ఒక కొస నుంచి విప్పి రెండో కొసకు తగిలిస్తారు. కాబట్టి ఇంజను పక్కన ఏ బోగీ ఉందన్నదాన్ని బట్టి అది విశాఖకు అటుదో ఇటుదో చెప్పొచ్చు.

మరో సంగతి, తిరగబడిన స్లైడ్లు. బ్రిటన్‌లో ప్రధాన మార్గాల మీద ఆవిరి ఇంజన్లు 1968 ఆగస్టులో ఆగిపోయాక, అక్కడి ఔత్సాహికులు ఆ పొగ కోసం మన దేశానికి వచ్చి వేల ఫొటోలు తీశారు. వాటిలో కొన్ని ముద్రణలో అద్దంలో చూసినట్టు తారుమారయ్యాయి. అక్షరాలు చదవలేనంత దూరంలో ఉంటే పట్టాలే చెప్పాలి. జంట లైన్ల మీద మన రైళ్లు ఎడమవైపు నడుస్తాయి. కుడివైపు వస్తుంటే ముందు ఫొటోను తిప్పి చూడమంటారు, ఆ తర్వాతే మిగతా చర్చ.

ఇదంతా ఖాళీ సమయపు కాలక్షేపం అనేవాళ్లతో నేను పూర్తిగా విభేదించను, కాలక్షేపమే. కానీ ఫొటోల్లోని చోట్లే మాయమైపోతున్నాయి. సికింద్రాబాద్ స్టేషన్ పాత ముఖద్వారాన్ని కొత్త నిర్మాణం కోసం 2025లో కూల్చారు. గుంటూరు–గుంతకల్ మీటర్‌గేజి బ్రాడ్‌గేజి అయ్యాక నల్లమలలోని పాత దొరబావి వంతెన మీదుగా రైళ్లు పోవడం మానేశాయి. రైల్వే దస్త్రాల్లో ప్రారంభోత్సవాలు ఉంటాయి, ఖర్చులుంటాయి. ఫలానా స్టేషన్లో నీళ్ల గొట్టం ఎక్కడుండేది, సిగ్నల్ చేతులు పోయి దీపాలు ఎప్పుడొచ్చాయి, టీ స్టాలు ఏ ప్లాట్‌ఫారం మీద ఉండేది, ఇవి మాత్రం ఎవరింటి పెళ్లి ప్రయాణం ఫొటోలోనో వెనకాల పడి ఉంటాయి. ఊరూ ఏడాదీ తేలితేనే అలాంటి ఫొటో స్థానిక చరిత్ర రాసేవాడికి పనికొస్తుంది.

విచిత్రమేమంటే 1980 నాటి ఫొటోకన్నా నిరుడు తీసినదే ఇప్పుడు కష్టం. ఎక్కడ చూసినా డబ్ల్యూఏపీ-7లే, ఎక్కడ చూసినా ఎరుపు-బూడిద రంగు ఎల్‌హెచ్‌బీ బోగీలే. సెల్‌ఫోన్ ఫొటోతో పాటే స్థలం నమోదవుతుంది నిజమే, కానీ వాట్సాప్‌లో మామూలుగా పంపగానే ఆ సమాచారం ఊడిపోతుంది. బోగీ మీది ఎల్‌ఈడీ పలక కంటికి నిలకడగా కనిపించినా నిజానికి వేగంగా వెలిగి ఆరుతుంటుంది కాబట్టి కెమెరాలో రైలు పేరు సగమే పడుతుంది. ఏదో "పురం" అని మిగిలితే తెలుగునాట ఎన్ని పురాలున్నాయో లెక్కపెట్టుకుంటూ మళ్లీ స్తంభం మీది అంకె దగ్గరికే పోవాలి.