కంచు కాదు, రాగి

వెనిస్‌లోని సెయింట్ మార్క్ చర్చి గుర్రాలను లోకమంతా కంచు గుర్రాలనే అంటుంది. అవి కంచువి కావు. 1970లలో ఆ లోహాన్ని పరీక్షిస్తే నూటికి 96 పాళ్ళకు పైగా రాగే అని తేలింది. తగరం, సీసం ఉన్నాయంటే ఉన్నాయి, అంతే.

పోతపని తెలిసినవాళ్ళు ఈ అంకె దగ్గర ఆగిపోతారు. రాగిలో పదో వంతు తగరం కలిపితే తక్కువ వేడికే కరుగుతుంది, మూసలో మూలమూలకూ పారుతుంది. కాస్త సీసం పడితే పని ఇంకా సుళువు. వట్టి రాగి అలా మాట వినదు. 1,085 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే గానీ కరగదు. కరిగాక వాయువుల్ని పీల్చుకుంటుంది, గట్టిపడేటప్పుడు వాటిని వదిలి ఒళ్ళంతా బొక్కలు చేసుకుంటుంది. అలాంటి మొండి లోహంతో ఒక్కోటి సుమారు 850 కిలోల బరువుండే నాలుగు గుర్రాలను పోశారు. తెలియక కాదు. కావాలనే.

కారణం గుర్రాల పైనున్న బంగారు పూత. ఆ పూతలో పాదరసం ఆనవాళ్ళు దొరికాయి. అంటే రేకు అతికించలేదు, నిప్పుతో మొలాము చేశారు. బంగారాన్ని పాదరసంలో కరిగించి, ఆ ముద్దను లోహం మీద రుద్ది, వేడి చేస్తారు. పాదరసం ఆవిరైపోతుంది, బంగారం లోహాన్ని పట్టుకుని మిగులుతుంది. పాదరసం మరిగేది 357 డిగ్రీల దగ్గర. సీసం కరిగేది 327 దగ్గర! సీసం ఎక్కువున్న కంచుకు ఈ పని చేయబోతే, పాదరసం పోయేలోపే సీసం చెమటలా పైకి వచ్చి పూతను మచ్చలమయం చేస్తుంది. మొలాము పని బాగా కుదరడం కోసం పోతపనివాళ్ళు తమ కష్టాన్ని పెంచుకున్నారు. నన్ను కట్టిపడేసేది ఈ నిర్ణయమే.

ఆ కష్టం గుర్రాల ఒంటి మీద ఇప్పటికీ కనిపిస్తుంది. పోత సరిగా రాని చోట లోహాన్ని నలుచదరంగా చెక్కి తీసి, అదే కొలతకు కోసిన ముక్కను బిగించారు. అలాంటి అతుకులు ఒకటి రెండు కాదు. తలను విడిగా పోసి మెడకు కలిపారు. ఆ అతుకు మీదుగా మెడపట్టీ వస్తుంది. చూసేవాళ్ళకు అది అలంకారం, చేసినవాళ్ళకు అతుకును దాచే ఉపాయం. కంటిపాపలో నెలవంకలా చిన్న గాటు పెట్టారు. ఆ నీడతో చూపు బతికింది.

బంగారం మీద సన్నని గీతలున్నాయి. బంగారం గీకిన దొంగల పని అని కొందరు, ఎండకు మిరుమిట్లు గొలపకుండా కావాలనే గీశారని ఇంకొందరు అంటారు. నాకు రెండో మాటే నమ్మబుద్ధవుతుంది. అంత దూరం ఆలోచించి రాగిని ఎంచుకున్నవాళ్ళు వెలుగు గురించి ఆలోచించరా?

ఇవి గ్రీకు పని అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కానీ పెద్ద విగ్రహాలకు పాదరసంతో మొలాము చేయడం రోమన్ సామ్రాజ్య కాలంలోనే బాగా వాడుకలోకి వచ్చింది కాబట్టి, క్రీ.శ. 2, 3 శతాబ్దాల నాటివనే వాదానికి బలం ఎక్కువ. 1204లో కాన్‌స్టాంటినోపుల్‌ను కొల్లగొట్టినప్పుడు ఈ గుర్రాలు అక్కడి నుంచి వెనిస్‌కు తరలిపోయాయి. 1797లో నెపోలియన్ పారిస్ పట్టుకుపోయాడు, 1815లో తిరిగొచ్చాయి.

వెనిస్ వెళ్ళే అవకాశం వస్తే చౌకులో నిలబడి పైకి చూసి వచ్చేయకండి. బయట ఉన్నవి నకళ్ళు. మెట్లెక్కి లోపలి మ్యూజియంలోకి వెళ్ళండి, ముందుగా మెడపట్టీల దగ్గర చూడండి.