కలం దాహం

శ్రీకాళహస్తి కలంకారీ అనగానే అందరూ రంగుల గురించే మాట్లాడతారు. మొక్కల రంగులట, ఒంటికి చల్లనట. నాకు మాత్రం అది మొదట సిరాతో గీసిన బొమ్మ. ఎరుపూ నీలమూ పడకముందే, ఒట్టి నల్లగీతల్లోనే రాముడు రాముడిలా కూర్చుని ఉంటాడు. ఆ గీత కుదరకపోతే పైన ఎన్ని రంగులు వేసినా బొమ్మ లేవదు.

నేను ఇంట్లో స్టీలు పాళీని సిరాబుడ్డిలో ముంచి గీసే బాపతు. ఆ పాళీకి దాని పట్టింపులు దానికున్నాయి. మనవైపు లాగితే సాఫీగా వస్తుంది. ఎదురు తోస్తే కాగితంలో దిగబడి సిరా చిమ్ముతుంది. అందుకని చెయ్యి తిప్పడం మానేసి కాగితాన్నే తిప్పుకుంటూ గీస్తాను. నీడ కావాలంటే సన్నగీతలు పక్కపక్కన పేర్చడం తప్ప దారి లేదు. ఎవరైనా నా శైలి బాగుందంటే అందులో సగం మెప్పు పాళీకే చెందుతుంది.

కాళహస్తి కలం తీరు వేరు. అది కొస చెక్కిన వెదురుపుల్ల. కొసకి కాస్త పైన ఉన్నిగానీ పాతగుడ్డగానీ ఉండలా చుట్టి దారంతో బిగిస్తారు. ఆ ఉండ సిరాను పీల్చుకుని ఉంటుంది. వేళ్లతో నొక్కేకొద్దీ చుక్క చుక్కగా కొసకి దిగుతుంది. అంటే గీసే వేళ్లే కుళాయినీ తిప్పుతున్నాయన్నమాట. దాంతో గీత మధ్యలో తెగాల్సిన పని లేదు. భుజం దగ్గర బయల్దేరిన గీత మోచేతి మీదుగా మణికట్టు దాకా, నెమలి మెడ దగ్గర మొదలైంది తోక దాకా ఒక్క ఊపులో పోతుంది. నొక్కు పెరిగినచోట లావెక్కుతుంది, సడలినచోట సన్నబడుతుంది.

ఇంచుమించు ఇదే పుల్ల ఇంకోచోట ఏం చేసిందో చూస్తే ఆ ఉండ విలువ తెలుస్తుంది. 1888 ఫిబ్రవరిలో చిత్రకారుడు వాన్ గోహ్ దక్షిణ ఫ్రాన్సులోని ఆర్ల్ చేరాడు. ఆ ప్రాంతంలో పెరిగే రెల్లును చెక్కి కలం చేసుకున్నాడు. ఆ ఏడాది జులైలో మోన్మజూర్ గుట్ట మీంచి కనిపించే మైదానాన్ని దానితో గీశాడు. ఎటు చూసినా చుక్కలు, పొట్టిగీతలు, కొక్కేలు. జపాన్ బొమ్మల మీద ఆయనకున్న మోజు అందులో ఉంది, నిజమే. కానీ రెల్లు కలం ఎక్కువ సిరా పట్టదు, రెండు మూడు గీతలకే దాహమంటుంది. ఆ దాహాన్నే ఆయన భాషగా మార్చుకున్నాడు. గడ్డికో రకం గీత, దున్నిన నేలకో రకం, దూరానికి చుక్కలు. మనవాళ్లు ఓ గుడ్డ ఉండ చుట్టి ఆ దాహం తీర్చేశారు కాబట్టి వాళ్ల గీత ఇంకో దారి పట్టింది.

సిరా సంగతి ఇంకా విచిత్రం. తుప్పుపట్టిన ఇనప ముక్కల్ని బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెడతారు. కలం ముంచే ద్రవంలో ఉండేది ఇనుమే. అసలు నలుపు గుడ్డ మీద పుడుతుంది. గీయడానికి ముందే ఆ గుడ్డను కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఎండేస్తారు. కరక్కాయలోని వగరూ ఇనుమూ కలిసినచోట నలుపు తేలుతుంది. పాలలోని కొవ్వు గీత పాకకుండా పట్టి ఉంచుతుంది. చింతబరికె కాల్చిన బొగ్గుతో ముందు వేసుకున్న ఆనవాళ్లు దులిపితే పోతాయి. ఈ నలుపు మాత్రం ఏటినీళ్లలో ఉతికినా పోదు.

ఇక సంకేతాల మాట. రాముడికీ కృష్ణుడికీ నీలం, రాక్షసులకు సాధారణంగా ఎరుపు, ఆడవాళ్లకు పసుపు. దీనికి పెద్ద పెద్ద తాత్త్విక భాష్యాలు విన్నాను. నాకు తోచే కారణం చాలా మామూలుది. ఈ బొమ్మలో వెలుగునీడలు లేవు, దూరం దగ్గర లేదు. ఉన్నదల్లా చుట్టుగీత. గుడిలో వేలాడే తెర ముందు నిలబడ్డ మనిషి పదడుగుల దూరం నుంచి ఎవరు ఎవరో పోల్చుకోవాలి. కాబట్టి రంగు, ఆకారం, చేతిలో ఆయుధం, పెద్దగా విచ్చుకున్న కళ్లు, ఇవన్నీ కలిసి పేరు చెప్పాలి. ముఖ్యమైన ఘట్టం మధ్యలో పెద్దగా ఉంటుంది, మిగతా కథ చుట్టూ గళ్లలో వరసగా నడుస్తుంది. కింద తెలుగు అక్షరాలు కూడా కలంతోనే. భక్తి ఉంది, కాదనను. దాన్ని మోస్తున్నది మాత్రం చుట్టుగీతే.

కలంకారీ గుడ్డల మీద కనిపించే పూలచెట్టు, జీవవృక్షం గురించి ఇంకాస్త అనుమానంగానే ఉంటాను. అనాదిగా వస్తున్న సంకేతమని అమ్మేవాళ్లు చెప్తారు. 17, 18 శతాబ్దాల్లో కోరమాండల్ తీరం నుంచి యూరప్ మంచాల మీదికీ గోడల మీదికీ వెళ్లిన దుప్పట్లలో ఆ పూలచెట్టే రాజ్యమేలింది. దాని కొమ్మల్లో పర్షియా, చైనా, ఇంగ్లండ్ అభిరుచులన్నీ కలిశాయి, కొనేవాళ్లు పంపిన నమూనాలతో సహా. అందువల్ల చెట్టు అందం ఏమీ తగ్గదు. వ్యాపారి ఆర్డరును కూడా ఇంత హొయలుగా గీయగలిగారన్నది నాకు ఏ సంకేతం కన్నా పెద్ద విషయం.

1950ల్లో చేతిపనుల ఉద్ధరణకు నడుం కట్టిన కమలాదేవి ఛటోపాధ్యాయ పూనుకోకపోతే ఈ గీత మన కాలం దాకా వచ్చేది కాదేమో. 2008లో కాళహస్తి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టికి పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు చీరల షాపుల్లో 'పెన్ కలంకారీ' పేరుతో మిషను ప్రింట్లు గుట్టలుగా ఉన్నాయి. బందరు అచ్చుల కలంకారీతో నాకు పేచీ లేదు. దానికి దాని పనితనముంది, పైగా కలంతో గీశామని అది చెప్పుకోదు. ప్రింటును కలంపనిగా అమ్మడంతోనే తగాదా. పట్టుకోవడం కష్టమేం కాదు. ఒకే చీరలో రెండు నెమళ్లను పక్కపక్కన పెట్టి మెడగీత చూడండి. లావెక్కేచోటు, సన్నబడేచోటు రెండింటికీ అచ్చంగా ఒక్కటే అయితే అది వేళ్లు నొక్కిన గీత కాదు. షాపువాళ్లు ఎంత ప్రమాణం చేసినా సరే, చేత్తో గీసినదాని ధర పెట్టకండి.