మూలమూ చేర్పులూ: ఒక పాత అంబాసిడర్ వైరింగుపై రెండు వాదాలు

సర్జాపుర రోడ్డు అపార్ట్‌మెంట్లలో తెలుగు కుటుంబాలు ఎక్కువ. ఉద్యోగాల కోసం వచ్చిన ఆ కుటుంబాల వెనకే అప్పుడప్పుడు ఒక పాత అంబాసిడర్ కూడా లారీ ఎక్కి వస్తుంది. నెల్లూరులోనో అనంతపురంలోనో తాతగారి వాకిట్లో ఏళ్ల తరబడి నిలిచిపోయిన బండి అది. పంపకాల్లో అందరూ వద్దన్నాక బెంగళూరు మనవడి వాటాకు పడుతుంది. ఇంజను సంగతి ఫర్వాలేదు. 1489 సీసీ బీఎంసీ ఇంజను పని తెలిసిన మేస్త్రులు ఇంకా ఉన్నారు, జేసీ రోడ్డులో వెతికితే సామానూ దొరుకుతుంది. చిక్కంతా డ్యాష్‌బోర్డు కిందే. అక్కడ కంపెనీ వేసిన తీగలు కొన్ని ఉంటాయి. వాటి మీద నలభై యాభై ఏళ్లుగా ఊరి ఎలక్ట్రీషియన్లు ఎవరికి తోచినట్టు వాళ్లు వేసుకుంటూ పోయినవి అంతకు రెట్టింపు ఉంటాయి. ఫ్యాను, క్యాసెట్ ప్లేయరు, ఫాగ్ లైట్లు, సంగీతం పలికే హారను, ఇవన్నీ అలా చేరినవే.

ఈ చిక్కుముడి విప్పడంలో రెండు వాదాలున్నాయి. తరవాత వచ్చినదంతా పీకేసి, బండిని ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు ఎలా ఉందో అలా చెయ్యాలని ఒకటి. తీగలన్నీ తీసి పారేసి, ఇవాళ్టి పద్ధతిలో కొత్త వైరింగు వేసి, ఆల్టర్నేటరూ ఎల్‌ఈడీలూ పెట్టుకోవాలని రెండోది. మొదటివారిని యథాతథవాదులనీ రెండోవారిని సదుపాయవాదులనీ అందాం. మొదటివారికి రెండోవారు విధ్వంసకులు, రెండోవారికి మొదటివారు చాదస్తులు. నా మొగ్గు ఎటన్నది పని వివరాల్లోకి దిగాకే చెప్పగలను. ఈ తగాదా సిద్ధాంతంలో తేలేది కాదు.

కడపలో బంగళా కొని పండితులను కూర్చోబెట్టి తాళపత్ర ప్రతులను పోల్చి చూపించిన బ్రౌను దొరకు మూలాన్నీ చేర్పులనీ విడదీసే ఈ పని కొత్తగా అనిపించి ఉండేది కాదు. ఏది మూలం, ఏది ప్రక్షిప్తం, ఏది లేఖకుడి చేతి తప్పు అని తేల్చుకోకుండా ఆయన ప్రతి అచ్చుకు వెళ్లేది కాదు. తీగల విషయంలో మనకు ఒక సౌకర్యం ఉంది, రంగులు. అంబాసిడర్‌కు తల్లి అయిన మారిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్-3 బ్రిటిష్ బండి కాబట్టి దాని తీగలకు లూకస్ రంగుల వ్యాకరణం ఉంది. గోధుమరంగు బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది. తెలుపు తాళం తిప్పితే ప్రాణం పోసుకునేది. ఆకుపచ్చ అదే కరెంటు ఫ్యూజు దాటాక. నీలం హెడ్‌లైట్లకు, ఎరుపు వెనక దీపాలకు, నలుపు ఎర్త్‌కు. ఈ వరసలో ఇమడకుండా, ఇంటి గోడల్లోంచి వచ్చినట్టున్న తీగ టేపు చుట్టుకుని ఎక్కడికో పోతుంటే అది తరవాతి చేర్పే. మసి, నూనె పట్టి రంగులన్నీ ఒకే బూడిదరంగుగా మారాక మాత్రం మల్టీమీటరే గతి.

అయితే మూలం అనగానే అది మేలైనదని అనుకోవడంలో యథాతథవాదుల తొందరపాటు ఉంది. ఆ కాలపు లూకస్ వైరింగులో బండి మొత్తానికి రెండే ఫ్యూజులు. ఒకటి హారను వగైరాలకు, ఇంకొకటి వైపర్లు, ఇండికేటర్లు, బ్రేకు లైటుకు. హెడ్‌లైట్లకు అసలు ఫ్యూజే లేదు. వాటి కరెంటు డ్యాష్‌బోర్డు స్విచ్చుకు వచ్చి, అక్కడి నుంచి కాలికింద డిమ్-డిప్ స్విచ్చుకు పోయి, చివరికి బల్బుకు చేరుతుంది. అరవై ఏళ్ల కాంటాక్టుల మీదుగా ఇంత దూరం తిరిగొచ్చేసరికి పన్నెండు వోల్టుల్లో కొంత దారిలోనే వేడిగా పోతుంది. అంబాసిడర్ లైట్లు గుడ్డివని మన నాన్నల తరం అన్నదాంట్లో బల్బు తప్పు కొంతే, దారి తప్పు ఎక్కువ. దానికి విరుగుడుగా ఊళ్లలో వంద-తొంభై వాట్ల బల్బులు పెట్టేవారు. రెండు బల్బులకూ కలిపి సుమారు పదిహేడు ఆంపియర్లు అదే పాత స్విచ్చు గుండా లాగారన్నమాట. స్విచ్చు వెనక కరిగి నల్లబడిన ప్లాస్టిక్కు దాని ఫలితం.

ఇక్కడ సదుపాయవాదులది పైచేయి. ఒక రిలే పెడితే పాత స్విచ్చు కేవలం సంజ్ఞ ఇస్తుంది, బరువు మోసేది రిలే. దానికి నాలుగే కాళ్లు, 85, 86, 30, 87. కాయిలు తాగేది ఆంపియరులో ఐదోవంతు కూడా ఉండదు. బ్యాటరీ నుంచి ఫ్యూజుతో కొత్త తీగ నేరుగా బల్బుకు వెళ్తుంది. మామూలు 60/55 వాట్ల బల్బులే అప్పుడు కళ్లు చెదిరేలా వెలుగుతాయి. పైగా పాత తీగ ఒక్కటీ కోయనక్కర్లేదు, రిలే పీకేస్తే బండి మళ్లీ పాత బండే. ఈ మార్పును కూడా కాదనే యథాతథవాదితో వాదన అనవసరం, అతను రాత్రిపూట బండి తియ్యడు.

డైనమో దగ్గరికొచ్చేసరికి తూకం అంత తేలిగ్గా తేలదు. లూకస్ సీ40 రకం డైనమో ఇచ్చేది గరిష్ఠంగా 22 ఆంపియర్లు, అదీ బండి పరుగెత్తుతున్నప్పుడు. నిలబడి ఇంజను గుడగుడలాడుతుంటే దాదాపు ఏమీ రాదు, ఛార్జింగు ఎర్ర దీపం వెలుగుతూనే ఉంటుంది. ఆదివారం పొద్దున అత్తిబెలె దాకా వెళ్లొచ్చే బండికి ఇది చాలు. వాన పడే సాయంత్రం దొమ్మసంద్ర కూడలిలో ఇరుక్కున్న బండికి లెక్క వేరు. హెడ్‌లైట్లకు పది, ఇగ్నిషన్ కాయిల్‌కు మూడు నాలుగు, వైపర్లకు రెండు మూడు, రేడియేటరుకు కరెంటు ఫ్యాను తగిలించి ఉంటే దానికి ఇంకో పది. ఇంతా బ్యాటరీయే మొయ్యాలి. 1960లో క్రైస్లర్ వాలియంట్ అనే అమెరికన్ కారుతో మామూలు కార్లలోకి వచ్చిన ఆల్టర్నేటరు నిలబడ్డ బండిలోనూ కరెంటు పుట్టిస్తుంది. మన దగ్గర చెన్నై పాడిలో లూకస్-టీవీఎస్ వాళ్లు దశాబ్దాలుగా చేస్తున్నదే కాబట్టి వెతుకులాట కూడా ఉండదు.

కనుక రోజూ తిరిగే బండికి ఆల్టర్నేటరే సరి అంటాను. కానీ ఈ మార్పులోనే సదుపాయవాదులు రెండు చోట్ల దెబ్బతింటారు. మొదటిది ఎర్త్. ఆ తరం బ్రిటిష్ బండ్లలో బ్యాటరీ పాజిటివ్ కొస బాడీకి వెళ్లేది. ఇవాళ దొరికే ఆల్టర్నేటరు, స్టీరియో, ఎల్‌ఈడీ అన్నీ నెగటివ్ ఎర్త్‌కు తయారైనవి. పాజిటివ్ ఎర్త్ బండిలో కొత్త స్టీరియో ఇనుప పెట్టె బాడీకి తగిలిందంటే నేరుగా షార్టు సర్క్యూటే. ఏ తాతగారి కాలంలో ఎవరు ఎర్త్ మార్చారో, మార్చాక కాయిల్ తీగలు తిప్పారో లేదో బ్యాటరీ దగ్గర చూసుకోకుండా స్క్రూడ్రైవరు ముట్టుకోకూడదు. రెండోది దాపరికం. బయటికి డైనమోను నియంత్రించే పాత కటౌట్ పెట్టె అలాగే కనపడుతుంది, లోపల గుల్ల చేసి జంక్షన్‌గా వాడతారు. డైనమో ఆకారపు తొడుగులో ఆల్టర్నేటరును ఇమిడ్చేవాళ్లూ ఉన్నారు. చూడ్డానికి ముచ్చటే. రేపు ఇంకో మనవడు ఆ పెట్టెను నమ్మి తీగలు వెతుక్కుంటే? నాకైతే ఆల్టర్నేటరు ఆల్టర్నేటరులాగే కనపడటం ఇష్టం. మార్చడంకన్నా మార్చలేదని నటించడమే పెద్ద తప్పు.

ప్రపంచస్థాయి పాత బండ్ల సమాఖ్య ఫీవా 2012లో ఆమోదించిన ట్యూరిన్ పత్రం కూడా ఇంచుమించు ఇదే దారి పడుతుంది. కట్టడాల కోసం 1964లో రాసిన వెనిస్ పత్రం దానికి ఒరవడి. మార్పులు మళ్లీ వెనక్కి తిప్పగలిగేలా ఉండాలి, తీసిన భాగాలు బండితోపాటే దాచాలి, చేసిన పని రాసి పెట్టుకోవాలి అంటుంది. దాని పక్కన మన 2021 నాటి వింటేజ్ వాహనాల నిబంధనలు పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. ఫీవాకు 30 ఏళ్లు చాలు, మనకు 50 ఏళ్లు నిండాలి, మూలరూపంలో ఉండాలి, పెద్ద మార్పులేవీ జరిగి ఉండకూడదు. రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, నంబరులో వీఏ అక్షరాలు, పదేళ్ల గడువు. ఆపైన ఆ బండిని ప్రదర్శనకు, ర్యాలీకి, పరిశోధనకు, పెట్రోలుకు, మరమ్మతుకు తప్ప తియ్యకూడదు. అంటే చట్టం వారసుణ్ని ముందే అడుగుతోంది, బండి గాజు పెట్టెలోకా రోడ్డు మీదికా అని. 1978 నాటి అంబాసిడర్ ఉన్నవాడికి ఆ ప్రశ్న 2028 దాకా రాదు. ఆలోగా సర్జాపుర రోడ్డు గుంతల్లో దాన్ని నడిపించే మామూలు యజమానే అతను.

బ్యాటరీ కారుగా మార్చేద్దామనే మూడో మాట కూడా ఈ చుట్టుపక్కల వినపడుతుంది. సహజమే, 2001లో రేవా కారు పుట్టిన బొమ్మసంద్ర ఇక్కడికి దగ్గరే. 2018లో విండ్సర్ రాజకుటుంబ వివాహంలో అందరూ చూసిన జాగ్వార్ ఈ-టైప్ జీరో ఆ పద్ధతికి మేలైన ఉదాహరణ. బ్యాటరీ పాత ఇంజను చోటులో, మోటారు గేరుబాక్సు చోటులో ఇమిడేలా చేసి, కావాలంటే వెనక్కి తిప్పుకోవచ్చని కంపెనీయే చెప్పుకుంది. అయినా అలా మార్చిన బండిని చారిత్రక వాహనంగా ఫీవా లెక్కపెట్టదు. నేనూ ఆ పక్షమే. డొక్కు మిగిలి కథ పోయే పని అది. మన దగ్గర ఆ కిట్లకు ఏఐఎస్-123 ప్రమాణం ఉంది, ఆర్టీఓ అనుమతి లేకుండా కుదరదు. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చాక ఆ దారి మరింత ఇరుకైంది.

ఇక మిగిలింది తాతగారి చేర్పులు. యథాతథవాది వీటిని చెత్త అంటాడు, సదుపాయవాది పాతబడ్డ సామాను అంటాడు. ఇద్దరూ పీకేసేవారే, ఈ ఒక్క చోట మాత్రం ఒకరినొకరు మెచ్చుకుంటారు. నాకు ఇద్దరితోనూ పేచీ ఇక్కడే. డ్యాష్‌బోర్డు మీద బిగించిన చిన్న ఫ్యాను ఫ్యాక్టరీది కాదు, కానీ ఆ బండి రాయలసీమ ఎండల్లో తిరిగినదనడానికి సాక్ష్యం. దానికి సొంత ఫ్యూజు, సరైన మందం తీగ, గట్టి ఎర్త్ ఇచ్చి ఉంచితే ఎవరికీ నష్టం లేదు. క్యాసెట్ ప్లేయరుదీ అదే తీర్పు. వంద-తొంభై బల్బులు మాత్రం పోవాల్సిందే, సెంటిమెంటు స్విచ్చు కరగకుండా ఆపదు.

సంగీతం హారను సంగతి వేరు. పలు స్వరాలు వరసగా మోగే హారన్లను మోటారు వాహనాల నిబంధనల్లో 119వది ఒప్పుకోదు. పీకేస్తే బానెట్ కింద రెండు బెజ్జాలు, ఒక అబద్ధపు ఖాళీ మిగులుతాయి. హారను ఉన్నచోటే ఉంచి, ఫ్యూజు దగ్గర తీగ విడదీసి, కొసకు టేపు కాకుండా సరైన తొడుగు వేసి, ఇది ఎక్కడిదో ఎందుకు తెంచామో రాసిన చీటీ కట్టాలి. కంపెనీ హారను తన పాత తీగ మీద మోగితే చాలు.