కొత్త బ్యారెల్‌కు తొలి తూటాలు

అమెరికాలో గురి పోటీలకు రైఫిల్ సిద్ధం చేసుకునేవాళ్లలో చాలామంది కొత్త బ్యారెల్ బిగించగానే గురి చూడటం మొదలుపెట్టరు. ఒక తూటా పేల్చి, బోల్టు ఊడదీసి, గొట్టాన్ని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా శుభ్రం చేస్తారు. మళ్లీ ఒక తూటా, మళ్లీ శుభ్రం. అలా అయిదారుసార్లు అయ్యాక మూడు తూటాలకోసారి, ఆపైన అయిదుకోసారి. పూటంతా గడిచిపోతుంది గానీ పేలిన తూటాలు పాతికకు మించవు. దీన్ని బ్రేక్-ఇన్ అంటారు. కొత్త రుబ్బురోలు ఇంటికొచ్చాక ముందు తవుడో నూకలో వేసి రుబ్బి పారబోయడం మనకు తెలిసిన పనే. ఇదీ ఆ కోవలోదే. కాకపోతే రోలు విషయంలో ఎవరూ వాదులాడుకోరు. బ్యారెల్ విషయంలో మాత్రం వాటిని తయారు చేసేవాళ్లే రెండు పక్షాలుగా చీలిపోయారు.

వాదం అర్థం కావాలంటే గొట్టం లోపలికి తొంగిచూడాలి. ఉక్కు కడ్డీకి నిలువునా రంధ్రం తొలిచి, లోపల మెలి తిరిగిన గాడులు వేస్తారు. గాడులకూ వాటి మధ్య మిగిలే గట్లకూ ఒరుసుకుంటూ పోవడం వల్లే తూటా గిరగిరా తిరుగుతూ నిలకడగా వెళ్తుంది. గాడులు వేసే పద్ధతులు అనేకం. కొక్కెంలాంటి చిన్న ఉలిని పదేపదే లాగుతూ ఒక్కో లాగుడుకు వెంట్రుక మందం కంటే చాలా తక్కువగా గీకుతూ పోవడం పాత పద్ధతి. గాడుల ఆకారమున్న గట్టి కార్బైడ్ బొడిపెను రంధ్రంలోంచి ఒక్కసారిగా లాగేయడం ఇంకొకటి. గొట్టం లోపల అచ్చు పెట్టి బయటి నుంచి సుత్తులతో బాదడం మరొకటి. ఖరీదైన బ్యారెళ్లకు ఆఖరున ల్యాపింగ్ చేస్తారు. కరిగించిన సీసాన్ని ఆ గొట్టంలోనే పోసి ముద్ద కట్టించి, దానికి సన్నటి గరుకు పొడి పట్టించి, చేత్తో ముందుకూ వెనక్కూ ఆడిస్తారు. సీసం ఆ గాడుల ఆకారమే తీసుకుంటుంది కాబట్టి నునుపు సరిగ్గా గాడి పొడవునా వస్తుంది.

ఇంత చేశాక ఇక బ్రేక్-ఇన్ దేనికి? ల్యాపింగ్ అయిన తరువాతే తుపాకీ పనివాడు వెనక వైపున తూటా కూర్చునే గదిని రీమరు అనే పనిముట్టుతో తొలుస్తాడు. గది ముగిసి గాడులు మొదలయ్యే చోటును త్రోట్ అంటారు. రీమరు గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి అక్కడ మిగిలే సన్నటి గీతలు తూటా దారికి అడ్డంగా పడతాయి. తూటా పైతొడుగు రాగి. ఈ అడ్డగీతలు దాన్ని అరంలా గీరుతాయి. రాలిన రాగి మందు మంటల వేడికి ఆవిరై, తూటా వెంటే పోయి, ముందున్న గొట్టం గోడలకు అంటుకుంటుంది. .308 తూటా పేలినప్పుడు లోపలి ఒత్తిడి చదరపు అంగుళానికి 60 వేల పౌండ్ల దాకా వెళ్తుంది. ఆ ఒత్తిడికీ వేడికీ త్రోట్‌లోని గీతలు కొద్దికొద్దిగా అణగిపోతాయి. అయితే మధ్యలో శుభ్రం చేయకపోతే గీతల మీద రాగి పూత పేరుకుని వాటిని కప్పేస్తుంది, అణగనివ్వదు. తూటాకు తూటాకు మధ్య శుభ్రం చేయమనేది అందుకే. ఒక్కో గాడిని కోసి బ్యారెళ్లు చేసే క్రీగర్ కంపెనీ వాదన ఇదే. స్టెయిన్‌లెస్ గొట్టం త్వరగా దారికొస్తుందనీ, క్రోమ్-మాలీ ఉక్కుకు ఇంకాస్త ఓపిక కావాలనీ వాళ్లు చెబుతారు.

అవతలి పక్షం మాటా తేలిగ్గా తీసేసేది కాదు. బ్యారెళ్ల తయారీలో పేరున్న గేల్ మెక్‌మిలన్ ఈ తంతును బ్యారెళ్లు ఎక్కువ అమ్ముకునే ఎత్తుగా కొట్టిపారేశారు. ప్రతి తూటా గొట్టం ఆయుష్షులోంచి ఒకటి తగ్గిస్తుందన్నది ఆయన లెక్క. షిలెన్ కంపెనీ మరీ నిజాయితీగా, కొనేవాళ్లు అడుగుతున్నారు కాబట్టి ఒక పద్ధతి రాసిపెట్టామనీ, దాని వల్ల పెద్ద తేడా ఉంటుందని తాము అనుకోవడం లేదనీ చెప్పింది. సరుకు అమ్మేవాడే ఇంత మాట అన్నాక మిగిలినవాళ్లు కాస్త తగ్గి మాట్లాడితే బాగుంటుంది.

నా మట్టుకు నాకు, తొలి పాతిక తూటాలు గొట్టాన్ని ఎంత నునుపు చేస్తాయన్నది రెండో ప్రశ్న. ఆ పూటలో గొట్టం తన స్వభావం చెబుతుంది, అదీ మొదటి లాభం. అమ్మోనియా కలిసిన ద్రావకంలో తడిపిన గుడ్డ పీలికను గొట్టంలోకి పంపి కాసేపు ఆగితే, రాగి ఉన్న మేరకు పీలిక నీలంగా మారుతుంది. మొదటి తూటా తర్వాత ముదురు నీలం, అయిదో దానికి లేత నీలం, పదో దానికి మరక మాత్రమే అయితే ఆ గొట్టం కుదురుకున్నట్టే. ఎంతకీ నీలం తగ్గకపోతే తయారీలోనే గరుకుదనం ఉంది, ఆ రైఫిల్‌ను జీవితాంతం తరచుగా కడుక్కోవాలి. ఇక్కడొక మోసం ఉంది. పీలికను గుచ్చే ఇత్తడి జాగ్‌లోనూ, కంచు బ్రష్షులోనూ రాగి ఉంటుంది. ద్రావకం వాటినీ తిని నీలం చూపిస్తుంది. కొత్తవాళ్లు తమ జాగ్‌ను తామే కడుగుతూ, గొట్టం ఇంకా మురికిగా ఉందని గంటలు గంటలు తోముతుంటారు. నికెల్ పూత జాగ్ వాడితే ఈ బెడద ఉండదు.

తోమడమే అసలు ప్రమాదం. తూటాల కంటే శుభ్రం చేసే కడ్డీలే ఎక్కువ బ్యారెళ్లను పాడుచేశాయని షూటర్లు ఊరికే అనరు. మరలతో అతికే ముక్కల కడ్డీ లోపల వంగి, అతుకుల దగ్గర గట్లను ఒరుసుకుంటుంది. పూత ఉన్న కడ్డీకి ఇసుక రేణువులు అంటుకుంటే అదే అరం. అందుకని ఒకే ముక్క కడ్డీ వాడాలి, ప్రతి లాగుడుకీ తుడవాలి. వీలున్న రైఫిల్‌కు వెనక నుంచే లోపలికి పంపాలి. గదిలో బోర్ గైడ్ అనే గొట్టం అమర్చి, కడ్డీ సరిగ్గా మధ్యలోంచే పోయేలా చూడాలి. మూతి దగ్గరి అంచును క్రౌన్ అంటారు. తూటాను చివరిసారి తాకేది అదే. అక్కడ ఒక పక్క అరిగితే వెనకాల పేలిన మందు గాలి ఒక పక్క నుంచి ముందుగా తప్పించుకుని తూటాను పక్కకు నెడుతుంది.

బ్రిటిష్ సైన్యానికి ఈ పాఠం ఖరీదుగానే అబ్బింది. .303 లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్ పిడిలో ఒక అర ఉండేది. అందులో నూనె సీసా, బరువు కట్టిన తాడు. తాడు గొట్టంలోకి జారవిడిచి, దాని ఉచ్చులో గుడ్డ పెట్టి మూతి వైపు నుంచి లాగాలి. తిన్నగా లాగకుండా ఒక పక్కకు లాగే సిపాయి చేతిలో ఆ తాడే మూతి అంచును కోసేది. ఆయుధాల మరమ్మతు చేసేవాళ్లు తాడు అరుగుదలను ప్రత్యేకమైన లోపంగానే లెక్కపెట్టేవాళ్లు. మన కాలేజీల్లో ఎన్‌సీసీ చేసినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. శుభ్రానికి 4×2 అంగుళాల చిందీ గుడ్డ, నూనెకు దానికంటే సన్నది, తాడు తిన్నగా లాగు అనే హవల్దారు కేక, అన్నీ ఆ లీ-ఎన్‌ఫీల్డ్ రోజుల వారసత్వమే. గొట్టంలో మరిగే నీళ్లు పోసే అలవాటు కూడా అక్కడిదే. ఆనాటి తూటాలో మందును అంటించే ప్రైమరులో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది పేలాక మిగిలేది ఉప్పులాంటి పదార్థం, గాలిలో తేమను పీల్చి రాత్రికి రాత్రే ఉక్కును తుప్పు పట్టిస్తుంది. నూనె దాన్ని కరిగించలేదు, నీరు కరిగిస్తుంది. అందుకే గరాటు పెట్టి మరిగే నీళ్లు పోసి, ఆరాక రంగూన్ నూనె పట్టించేవాళ్లు. తుప్పు పట్టించని ప్రైమర్లు 1920లలో బజారుకొచ్చాక నీళ్ల అవసరం తగ్గింది. 1903లో ఫ్రాంక్ హాప్ తయారుచేసిన నంబర్ 9 ద్రావకం మాత్రం, ఆ అరటిపండు వాసనతో, ఇప్పటికీ అమ్ముడవుతోంది.

పద్ధతి ఏదైనా కొన్ని జాగ్రత్తలు తప్పవు. తూటా లోపల లేదని కంటితోనూ వేలితోనూ చూసుకోవాలి. గాలి ఆడే చోట కూర్చోవాలి, అమ్మోనియా ఘాటు తక్కువేమీ కాదు. ద్రావకాన్ని సీసా మీద రాసిన సమయానికి మించి గొట్టంలో వదలకూడదు. భద్రపరచడానికి సన్నటి నూనె పూత మంచిదే కానీ, మళ్లీ పేల్చే ముందు పొడి పీలికతో తుడిచేయాలి. నూనె ఉన్న గొట్టం నుంచి మొదటి తూటా గురి తప్పుతుంది, ఒత్తిడీ పెరగవచ్చు.

మరీ శుభ్రంగా ఉన్న గొట్టం కూడా గురికి కుదరదు. కడిగిన తర్వాత ఒకటి రెండు తూటాలు పేల్చి కాస్త మసి పట్టించాకే పోటీ తూటాలు మొదలుపెడతారు. .22 రిమ్‌ఫైర్ రైఫిల్‌లో ఇది ఇంకా స్పష్టం. ఆ సీసపు తూటాకు మైనం పూత ఉంటుంది. ఆ మైనం గొట్టం పొడవునా ఒకే మందాన పరుచుకుంటేనే లక్ష్యం మీద తూటాల గుంపు దగ్గరపడుతుంది. తూటా బ్రాండు మారిస్తే పాత మైనం పోయి కొత్తది పట్టేదాకా కొన్ని తూటాలు వదులుకోవాల్సిందే. ఇక మన హైదరాబాదు నుంచి గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌కు వస్తే, అక్కడ మందు లేదు, మంట లేదు, రాగీ లేదు. గాలి ఒత్తిడితో పోయే మెత్తటి సీసపు గుళ్లు. కడ్డీ కూడా అక్కర్లేకుండా, గుళ్లకు బదులు చిన్న ఫెల్ట్ ముక్కలు పెట్టి పేలుస్తారు. అవే గొట్టాన్ని తుడుచుకుంటూ బయటికి వచ్చేస్తాయి.