రాను, రాలేను, రానక్కర్లేదు

నౌపడా ఉప్పుమడుల దగ్గర మేస్త్రీ "రేపు వస్తావా?" అని అడిగాడనుకోండి. కూలికెళ్ళే మనిషి ఏమనొచ్చు? రాను. రాలేను. రాకపోవచ్చు. ఇంట్లో మైల వచ్చింది, రాకూడదు. వాన కురిసి మడులు మునిగాయి, ఇక రానక్కర్లేదు. ఎలా అన్నా మనిషి రాడనో, రావడం అనుమానమనో అర్థం. అయినా ఒకదాని చోట ఇంకొకటి పెట్టలేం. రాను అంటే మేస్త్రీకి కోపం వస్తుంది. రాలేను అంటే ఒంట్లో బాగోలేదా అని అడుగుతాడు. బడి గడప తొక్కనివాళ్ళు కూడా ఈ మాటల దగ్గర తడబడరు.

ఆ కూలీ ఇంటి కుర్రాడే సాయంత్రం సంతబొమ్మాళిలో నా దగ్గరికి ఇంగ్లీషు మాట్లాడ్డం నేర్చుకోడానికి వస్తాడు. అన్నింటికీ కలిపి వాడి దగ్గర ఉన్నది ఒకటే: "నాట్ కమింగ్ సార్."

వాడికి తెలివి లేక కాదు. బళ్ళో చెప్పే తీరు అలాంటిది. కెన్, మే, మస్ట్, షుడ్ అని ఒక పట్టిక రాయించి, పక్కన నాట్ చేరిస్తే వ్యతిరేకం అయిపోతుందంటారు. కెన్ దగ్గర ఆ లెక్క సరిపోతుంది. మస్ట్ దగ్గర తిరగబడుతుంది. యూ మస్ట్ గో అన్నా, యూ హావ్ టు గో అన్నా వెళ్ళాలనే. నాట్ తగలగానే రెండూ చెరో దారి పడతాయి. మస్ట్ నాట్ గో అంటే వెళ్ళకూడదు. డోంట్ హావ్ టు గో అంటే వెళ్ళనక్కర్లేదు. మొదటిదాన్లో కాదనేది వెళ్ళడాన్ని, రెండోదాన్లో కాదనేది తప్పనిసరిని.

తమాషా ఏమిటంటే మన వెళ్ళాలి కూడా ఇలాంటిదే. దాన్ని నేరుగా కాదనలేం. "వెళ్ళాలని లేదు" అన్నామా, అది ఇష్టం లేదన్న మాటైపోతుంది. అందుకే ఒక పక్క కూడదు, ఇంకో పక్క అక్కర్లేదు పెట్టుకున్నాం. అంటే మస్ట్ నాట్‌కీ డోంట్ హావ్ టుకీ ఉన్న తేడా మన పిల్లలు నాలుగో ఏటికే నేర్చేసుకున్నారు. కొత్తగా నేర్పాల్సిందేమీ లేదు, ఉన్నది గుర్తుచేస్తే చాలు. పట్టికలు మొదటిరోజే పక్కన పడేసి కమ్, గో, ఈట్, టచ్, ఓపెన్, పే లాంటి రోజువారీ క్రియలు పట్టుకోమంటాను. ఒక్కో క్రియకీ తెలుగులో ఉన్న కాదులన్నీ ముందు పిల్లల చేతే చెప్పించి, ఆ తరవాతే ఇంగ్లీషులోకి వెళ్తాను.

ఇందులో నేను కనిపెట్టింది ఏమీ లేదు. ఇక్కడికి దగ్గర్లోనే, పర్లాకిమిడిలో, గిడుగు రామమూర్తి గారు సవరల నోటి నుంచే సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం రాశారు. అది 1931లో అచ్చయింది. ముందు నోటి మాట, ఆ తరవాతే వ్యాకరణం. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లోనే చిన్నరైలు నడిచింది కానీ, ఆయన పద్ధతి మాత్రం ఇటు మా బళ్ళదాకా ఇంకా రాలేదు.

నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఓడల మీద పనికి, గల్ఫులో వెల్డింగుకి వెళ్ళాలనుకునే కుర్రాళ్ళే ఎక్కువ. మూలపేటలో 2023 ఏప్రిల్‌లో ఓడరేవుకి శంకుస్థాపన జరిగాక ఓడల కబుర్లు మరీ పెరిగాయి. వీళ్ళకి ఈ తేడా మార్కుల సంగతి కాదు. ఓడలో మూసి ఉన్న ట్యాంకులో ప్రాణవాయువు చాలకపోవచ్చు. "యూ మస్ట్ నాట్ గో ఇన్" అన్నది "వెళ్ళనక్కర్లేదు" అని బుర్రకెక్కితే, పని త్వరగా తెమిలిపోతుందని ఒకడు దిగి చూస్తాడు.

సముద్రం మీద ఈ గొడవ ఎంత ముదిరిందంటే, అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2001లో ఆమోదించిన ప్రామాణిక పదబంధాల్లో మే, మైట్, షుడ్, కుడ్ వాడొద్దనే చెప్పింది. కెన్‌తో కూడా జాగ్రత్త అంది. "మే ఐ ఎంటర్?" అనకూడదు, నాకు అనుమతి ఉందా అని సూటిగా అడగాలి. "యూ షుడ్ యాంకర్" అనకూడదు, ముందు "అడ్వైస్" అని చెప్పి, తరవాత లంగరు వేయమనాలి. ఇంగ్లీషు పుట్టినింటి భాషగా ఉన్నవాళ్ళకి కూడా వైర్‌లెస్‌లో ఈ మాటలు వద్దన్నారన్నమాట. ఇది చెప్పిన రోజున కుర్రాళ్ళ ముఖాలు వెలిగిపోయాయి. "మరింకెందుకు మాస్టారూ నేర్చుకోడం?" అన్నాడు ఒకడు. ఓడ దిగాక టీకొట్టు వాడితో ఏం మాట్లాడతావురా అన్నాను.

నాట్ ఎక్కడ కూర్చుంటుందో చూడమని చెప్పడానికి నాకు వాతావరణ శాఖ బులెటిన్‌ని మించిన పాఠం దొరకలేదు. "ఫిషర్‌మెన్ ఆర్ అడ్వైజ్డ్ నాట్ టు వెంచర్" అని ఉంటుంది. నాట్‌ని ఒక్క అడుగు ముందుకి జరిపి "నాట్ అడ్వైజ్డ్ టు వెంచర్" అంటే, మాటల వరసని బట్టి వెళ్ళమని ఎవరూ సలహా ఇవ్వలేదనే తేలుతుంది. సముద్రంలో వేటకెళ్ళే భావనపాడు కుర్రాళ్ళకి ఇది ఇంకెవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. సలహా లేకపోవడం వేరు, వద్దనడం వేరని వాళ్ళకి తెలుసు.

ప్రతిసారీ తెలుగుదే పైచేయి అనుకోకండి. "నాన్నమ్మ అన్నం తినలేదు." తినలేదా, తినలేకపోతోందా? తాతయ్య అయితే తినలేదు, తినలేడు అని విడివిడిగా చెబుతాం. ఆడవాళ్ళ దగ్గరకొచ్చేసరికి రెండూ ఒకే రూపు. మాట్లాడేటప్పుడు లే మీద ఒత్తు పెట్టి నెట్టుకొస్తాం, కాగితం మీద ఆ ఒత్తు కనిపించదు. ఉద్దానంలో ఇది ఉత్త వ్యాకరణం కాదు. ఇక్కడ కిడ్నీ జబ్బుతో డయాలసిస్‌కి తిరిగే ఇళ్ళు చాలా ఉన్నాయి. తెలుగు రాని డాక్టరు ఎదురైతే మనవడే దుబాసీ. డిడ్ నాట్ ఈట్ అంటే ఆ పూట మానేసింది. కెనాట్ ఈట్ అంటే వికారమో, మింగలేకపోవడమో, డాక్టరు ఇంకో నాలుగు ప్రశ్నలు అడగాలి. ఇక్కడ ఇంగ్లీషే తేటగా ఉంది. తెలుగులో దాగినదాన్ని మనవడు ముందు తనలో తను తేల్చుకుని, ఆ తరవాత నోరు విప్పాలి.

ఆ కెనాట్‌ని కూడా నిండుగా పలకమంటాను. వేగంగా మాట్లాడేవాళ్ళ నోట్లో కాంట్, క్యాంట్‌ల చివరి టకారం సగం మింగుడుపడిపోతుంది. అవుననేటప్పుడు కెన్ "కన్" అని తేలిపోతుంది, కాదనేటప్పుడు అచ్చు బరువుగా పడుతుంది. వాళ్ళు ఆ బరువుని బట్టే పోల్చుకుంటారు. మనవాళ్ళు రెండింటినీ ఒకే బరువుతో అంటారు కాబట్టి ఎదుటివాడికి ఔనో కాదో తేలదు. కెనాట్ అంటే కాస్త పుస్తకం వాసన వస్తుంది, రానీండి.

వీటన్నింటికన్నా పిల్లలు ఇష్టపడేది జరిగిపోయినవాటి పాఠం. షుడ్ నాట్ హావ్, నీడ్ నాట్ హావ్. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి, కొబ్బరి చెట్లనీ జీడితోటల్నీ పడగొట్టి పోయింది. ఆ ఏడు తోట కౌలుకి పట్టినవాళ్ళది షుడ్ నాట్ హావ్: పట్టకుండా ఉండాల్సింది. మరుసటి ఏడు మే నెలలో ఫణి వస్తోందని అందరూ బియ్యం, కొవ్వొత్తులు కొనిపెట్టుకున్నారు. అది పోయి పోయి పూరీ దగ్గర తీరం దాటింది. అది నీడ్ నాట్ హావ్: కొనకపోయినా సరిపోయేది. డిడ్ నాట్ నీడ్ టు అంటే కొన్నారో లేదో తెలీదు, నీడ్ నాట్ హావ్ అంటే కొనేశారు, ఆ శ్రమ వృథా.

ఒకమ్మాయి లేచి "వియ్ నీడ్ నాట్ హావ్ బాట్ ద క్యాండిల్స్" అని తప్పు లేకుండా చెప్పింది. వెనక బల్ల మీద కుర్రాడు ఒప్పుకోలేదు. "అదెలాగండీ మాస్టారూ? ఆ కొవ్వొత్తులే కదా తరవాత కరెంటు పోయినప్పుడల్లా వెలిగించాం!" కొన్నది వృథా కానప్పుడు నీడ్ నాట్ హావ్ అనొచ్చా అని ఆ సాయంత్రం మిగతా క్లాసంతా వాదులాడుకున్నారు, సగం తెలుగులో, సగం ఇంగ్లీషులో.